రైస్ మిల్లు కాంటా రూముల డెస్క్‌టాప్: బ్లోయర్‌కు లొంగని తవుడు దుమ్ము, ఒక కేసు

నల్గొండ దిక్కు కంప్యూటర్ రిపేర్ చేసేటోళ్లకు, ఈ లైన్లకు కొత్తగ వస్తున్న తమ్ముళ్లకు పనికొస్తదని ఈ కేసు మొదటి నుంచి చివరి దాక రాస్తున్న. మిల్లు పేరు, ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. మిర్యాలగూడ దిక్కు అనుకోండి చాలు, సాగర్ ఎడమ కాలువ కింద ఎన్ని మిల్లులు ఉన్నయో మనోళ్లకు చెప్పే పని లేదు.

ఈ కేసే ఎందుకు పట్టుకున్న అంటే, దుమ్ము క్లీనింగ్ అనంగనే సైడ్ డోర్ తీసి బ్లోయర్ కొట్టుడే అని మనలో చాలామందికి అలవాటైపోయింది, కస్టమర్ కూడా "జర గాలి కొట్టియ్యి అన్నా" అనే అడుగుతడు. ఈ మెషీన్‌కు నా దగ్గరికి రాకముందే గాలి కొట్టిండ్రు, ర్యామ్ మార్చిండ్రు, విండోస్ మల్ల ఎక్కించిండ్రు, ఎస్ఎంపీఎస్ (లోపలి పార్టులకు కరెంటు ఇచ్చే డబ్బా) కూడా కొత్తది వేసిండ్రు, అయినా ఎండాకాలం రాంగనే మల్ల అదే బాధ. ఏ రకం దుమ్ము, అది ఎక్కడ కూసున్నది, ఏ దారిన లోపలికి వస్తున్నది, ఈ మూడు చూడకుండ చేసిన పని నిలబడది అని ఈ కేసులో మంచిగ కనపడ్డది.

మెషీన్ సంగతి

అసెంబుల్డ్ డెస్క్‌టాప్. ఇంటెల్ రెండో తరం కోర్ ఐ3, అంటే 2011లో వచ్చిన రకం, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. ప్రాసెసర్ వేడి తీసే కూలర్ కంపెనీదే, నాలుగు ప్లాస్టిక్ పిన్నులు నొక్కి పెట్టేది. క్యాబినెట్‌కు ఎనక ఒక్క ఫ్యాన్ ఉన్నది, ముందల ఫ్యాన్ పెట్టే జాగ ఉన్నది కాని ఫ్యాన్ లేదు.

ఇంత పాతది ఇంకా ఎందుకు, మార్చేయొచ్చు కదా అని ఎవరైనా అంటరు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తోనే అయిపోయింది, అది నేను కూడా మిల్లు సేటుకు చెప్పిన. కాని ఈ కంప్యూటర్ లారీ కాంటాకు కట్టి ఉన్నది. కాంటా ఇండికేటర్ (తూకం చూపించే డబ్బా) నుంచి 9 పిన్నుల సీరియల్ కేబుల్ ఎనకున్న కామ్ పోర్ట్‌కు వస్తది, లారీ ఎక్కంగనే తూకం స్క్రీన్ మీద పడుతది, స్లిప్పు ప్రింట్ అయితది. ఆ సాఫ్ట్‌వేర్ వేసినాయన ఇప్పుడు ఆ పనిలో లేడు, కొత్త మెషీన్‌కు కామ్ పోర్ట్ ఉండకపోవచ్చు, యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే ఒక్కోసారి పోర్ట్ నంబర్ మారి తూకం రాదు. యాసంగి వడ్ల లారీలు లైన్ కట్టిన టైముల ఈ ప్రయోగం చేసుడు తప్పు, సీఎంఆర్ (సర్కారు వడ్లు పట్టి తిరిగి ఇచ్చే) బియ్యం లెక్కలు కూడా అందులనే ఉన్నయి. అందుకే ఉన్నదాన్నే నిలబెట్టాలె, మార్చుడు సంగతి సీజన్ అయినంక చూద్దాం అని ముందుగాలనే మాట్లాడుకున్నం.

కాంటా రూము ఎట్లున్నదో కూడా చెప్పాలె, ఎందుకంటే సగం కేసు ఆ రూములనే ఉన్నది. చిన్న రూము, ఒక కిటికీ కాంటా దిక్కు, ఇంకో కిటికీ మిల్లు లోపలి దిక్కు. లోపలి కిటికీ అవతల బాయిలర్, ఉప్పుడు బియ్యం పట్టే మిల్లు కాబట్టి ఆవిరి ఎప్పుడూ ఉంటది, బాయిలర్‌ల ఊకనే కాలుస్తరు. క్యాబినెట్ టేబుల్ కింద, నేల మీద, సరిగ్గ ఆ లోపలి కిటికీ కిందనే ఉన్నది.

బాధ ఏంది

గుమస్తా ఫోన్ చేసి చెప్పింది ఇంతే: "తమ్మీ, పొద్దుగాల మంచిగనే నడుస్తది, పగటిపూట ధన్‌మని ఆగిపోతది, ఎంటనే ఆన్ చేస్తే జరసేపే ఉంటది, మల్ల ఆగుతది. కొంచెంసేపు ఇడిసిపెడితే నడుస్తది. లారీ కాంటా మీద ఉంటది, డ్రైవర్లు లొల్లి పెడుతుండ్రు."

ఆ మాటల్లోనే సగం జవాబు ఉన్నది. ఆగినంక ఎంటనే ఆన్ చేస్తే ఇంకా తొందరగ ఆగుతది అంటే వేడి మీద అనుమానం పెట్టుకోవాలె. ర్యామ్ పోతే ఎక్కువగ నీలి స్క్రీన్ వస్తది, లేకుంటె బీప్ కొడుతది, మామూలుగ చల్లగున్నా వేడిగున్నా దానికి ఒక్కటే. ఎస్ఎంపీఎస్ ఖరాబైతే మామూలుగ పొద్దుగాల చల్లటి టైముల కూడా ఎప్పుడో ఒకప్పుడు పోవాలె. అయినా అనుమానం అనుమానమే, చూడకుండ ఖాయం చేయలేం.

పోంగనే ముందు చూసింది యూపీఎస్. కంప్యూటర్ ఆగినప్పుడు మానిటర్ కూడా ఆగుతదా అని అడిగిన. ఆగది, నో సిగ్నల్ అని రాస్తది అన్నడు కాంటా పిలగాడు. మానిటర్, సీపీయూ రెండూ ఒక్క యూపీఎస్ మీదనే ఉన్నయి. మానిటర్ ఆగకుండ సీపీయూ ఒక్కటే ఆగుతున్నదంటే కరెంటుది, యూపీఎస్‌ది తప్పు కాకపోవచ్చు. ఈ ఒక్క ప్రశ్నతో ఒక దారి దాదాపు బంద్ అయ్యింది, యూపీఎస్ బ్యాటరీ ఖర్చు కస్టమర్‌కు మిగిలింది.

తర్వాత ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తనకు ఏమైందో రాసుకునే చిట్టా) తెరిచిన. కర్నల్ పవర్, ఐడీ 41 అని వరుసగ ఉన్నయి. దీన్ని చూసి చాలామంది ఎస్ఎంపీఎస్ పోయింది అని రాసేస్తరు, ఇంతకుముందు వచ్చినాయన కూడా అట్లనే అనుకుని ఎస్ఎంపీఎస్ మార్చిండేమో అనిపించింది. 41 అంటే సిస్టం సక్కగ షట్‌డౌన్ కాకుండ ఆగి మల్ల లేచింది అని మాత్రమే అర్థం, ఎందుకు ఆగిందో అది చెప్పది. నాకు అందులో పనికొచ్చింది టైములు. ఎంట్రీలన్నీ పగటిపూటవే, పొద్దుగాల ఒక్కటి లేదు, చలికాలం నెలల్లో అస్సలు లేవు.

ఇంకో ఫిర్యాదు కూడా ఉండె, కంప్యూటర్ మస్తు స్లో అయ్యింది, వైరస్ ఉన్నదేమో అని. విండోస్ మల్ల ఎక్కించింది అందుకేనంట. రిసోర్స్ మానిటర్‌ల సీపీయూ ట్యాబ్ తెరిస్తే మ్యాగ్జిమమ్ ఫ్రీక్వెన్సీ అని ఒక శాతం చూపిస్తది, పని నడుస్తుంటే కూడా అది కిందికి పడిపోయి ఉన్నది. ప్రాసెసర్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించుకుంటది, అయినా వేడి తగ్గకపోతే పూర్తిగ ఆపేస్తది. అంటే స్లో అవుడు, ఆగిపోవుడు రెండు బాధలు కాదు, ఒక్క బాధకే ముందు మెట్టు, ఎనక మెట్టు. విండోస్ ఎన్నిసార్లు ఎక్కించినా ఇది పోదు.

కోర్ టెంప్ (ప్రాసెసర్ వేడి చూపించే సాఫ్ట్‌వేర్) వేసి చూస్తే ఏ పనీ లేకుండ 74 డిగ్రీలు. బిల్లుల రిపోర్ట్ ఒకటి తీయమన్న, 97కు పోయింది, ఫ్యాన్ గుయ్యిమంటున్నది. ఇక్కడ నేను ఎప్పుడూ చేసే పని ఒకటి ఉన్నది, జేబుల చిన్న థర్మామీటర్ పెట్టుకుంట, రూము వేడి కూడా రాసుకుంట. ఆ టైముకు రూముల 41 ఉన్నది. అంటే పని మీద ప్రాసెసర్ రూముకన్నా 56 డిగ్రీలు ఎక్కువున్నది. ఈ తేడానే అసలు లెక్క. డిసెంబర్‌ల రూము 24 ఉంటే అదే తేడాతో 80 దగ్గర ఆగుతది, మెషీన్ నడుస్తది, అందరూ బాగైంది అనుకుంటరు. మే నెలల మన నల్గొండల బయట 44 దాటుతది, అప్పుడు అదే మెషీన్ చస్తది. పోయినసారి గాలి కొట్టింది ఎప్పుడు అని గుమస్తాను అడిగితే, వానాకాలం వడ్లు అయిపోతున్నప్పుడు అన్నడు. అంటే ఆ క్లీనింగ్ పని చేసిందని అప్పుడు ఎవరూ ఖాయం చేయలేదు, చలికాలం వచ్చి దాచిపెట్టింది.

మొదలు ఏం చేసినం

ముందు బ్యాకప్. మెషీన్ కదపకముందే, నడుస్తుంటెనే, కాంటా డేటా ఫోల్డర్, లెక్కల ఫైళ్లు బయటి డిస్క్‌ల పెట్టిన. ఏండ్ల నుంచి నేల మీద దుమ్ముల నడిచిన హార్డ్ డిస్క్ ఒకసారి బంద్ చేసి కదిపితే మల్ల లేస్తదో లేదో నమ్మకం ఉండది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌ల డిస్క్ హెల్త్ కూడా చూసిన, అప్పటికి బాగనే ఉన్నది.

ఆ రోజు మెషీన్ షాపుకు తీసుకపోయే పరిస్థితి లేదు, బయట లారీలు ఉన్నయి. అందుకే దొరికిన జర టైముల అక్కడనే పొడిగ క్లీన్ చేద్దాం, ఎంత తగ్గుతదో కొలుద్దాం అనుకున్నం. ఇట్ల పూర్తిగ బాగైతదని నాకు ఆశ లేదు, కాని తక్కువ తెరిచే పని ముందు చేసి, కొలిచి, అప్పుడు పెద్ద పని చేస్తే దేనితో ఎంత లాభమైందో తెలుస్తది.

మిల్లుల పెద్ద కంప్రెసర్ ఉన్నది, దానితో కొట్టండి అన్నరు. వద్దన్న. ట్యాంకుల తడి ఉంటది, నూనె పొగ కూడా వస్తది, ప్రెజర్ ఎక్కువ, చిన్న చిన్న పార్టులు లేచిపోతయి. ఇంతకుముందు దానితోనే కొట్టినట్టున్నరు, కూలర్ ఫ్యాన్ చేతితో తిప్పితే గరగరమంటున్నది. ఫ్యాన్‌ను పట్టుకోకుండ గాలి కొడితే అది దాని లిమిట్ దాటి తిరుగుతది, బేరింగ్ పోతది.

కరెంటు తీగ పీకి, పవర్ బటన్ కొంచెంసేపు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ రూము బయటికి, గాలి మన ఎనక నుంచి వచ్చేటట్టు పెట్టినం. మాస్క్ పెట్టుకోవాలె, తవుడు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఆవిరి తడికి అందుల బూజు కూడా ఉంటది. సైడ్ డోర్ తీస్తే లోపల అడుగున చచ్చిన బియ్యం పురుగులు, ఊక పొట్టు, అన్నిటి మీద బూడిద రంగు పొర. చిన్న కరెంటు బ్లోయర్‌తో, ఫ్యాన్లు వేలుతో ఆపి పట్టుకుని, మెత్తటి పెయింట్ బ్రష్‌తో కదుపుకుంట కొట్టిన. పైనున్న బూడిద మంచిగ లేచిపోయింది, చూసేటోళ్లకు బోర్డ్ కొత్తదాని లెక్క అయ్యింది. గుమస్తా సంతోషపడ్డడు.

ఆన్ చేసి కొలిస్తే ఏ పనీ లేకుండ 67, పని మీద 93. పని మీద తగ్గింది నాలుగు డిగ్రీలే. కంటికి శుభ్రంగ కనపడ్డది, కాని వేడి పోయే దారి అట్లనే మూసుకుని ఉన్నది. ఇక్కడ ఆపి డబ్బులు తీసుకుంటే వారంల మల్ల ఫోన్ వస్తది. సేటుకు ఉన్నది ఉన్నట్టు చెప్పిన, ఇది తాత్కాలికం, రాత్రి లారీలు ఆగినంక షాపుకు తీసుకపోయి కూలర్ ఊడదీయాలె, అప్పటిదాక కామ్ పోర్ట్ ఉన్న ఇంకో పాత మెషీన్ నేను పెడుత అని.

కూలర్ ఊడదీస్తే కనపడ్డది

కూలర్ తీసే ముందు మెషీన్ కొంచెంసేపు నడిపి వెచ్చగ చేసిన, ప్రాసెసర్‌కు కూలర్‌కు నడుమ రాసిన పేస్ట్ ఎండిపోతే చల్లగున్నప్పుడు సిమెంటు లెక్క పట్టుకుంటది. ఈ ఇంటెల్ సాకెట్‌ల ప్రాసెసర్‌ను ఇనుప తాళం పట్టుకుని ఉంటది కాబట్టి కూలర్ గుంజితే ప్రాసెసర్ ఊడిరాదు. కాని పాత ఏఎండీ బోర్డ్‌లు అట్ల కాదు, పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటయి, గుంజితే కూలర్‌కు అతుక్కుని ప్రాసెసర్ బయటికి వచ్చి పిన్నులు వంగుతయి. ఏ బోర్డ్ అయినా ముందు కుడి ఎడమలకు మెల్లగ తిప్పి, కదిలినంకనే పైకి లేపాలె.

పిన్నులు బాణం గుర్తు దిక్కు తిప్పి లేపిన. ఫ్యాన్‌ను, వేడి గుంజే అల్యూమినియం ముద్ద (హీట్ సింక్) మీద నుంచి విడదీస్తే అసలు దొంగ దొరికిండు. ఫ్యాన్ రెక్కలకు, అల్యూమినియం రేకులకు నడుమ గోధుమ రంగు పొర, గట్టిగ ఒత్తిన గొంగడి ముక్క లెక్క, చిమ్టాతో పట్టుకుంటే మొత్తం ఒక్క ముక్కగ లేచింది. పైనుంచి చూస్తే ఫ్యాన్ తిరుగుతనే ఉంటది, గాలి మాత్రం ఆ పొర తాకి పక్కలకు పోతది, రేకుల నడుమకు దిగది.

ఆ ముక్కను వేళ్లతో నలిపి చూసిన. పైన బూడిద, అది పొడిగ రాలింది, గరుకుగ ఉన్నది. ఊక బూడిదల సిలికా ఎక్కువుంటది కాబట్టి ఆ గరుకు, ఫ్యాన్ బేరింగ్ అరిగింది కూడా కొంత దానితోనే అనుకుంటున్న. కింద పొర మాత్రం వేళ్లకు అంటుకుంటున్నది, జిడ్డుగున్నది, వాసన చూస్తే పాత తవుడు వాసన, నూనె కారమెక్కిన వాసన. తవుడుల నూనె ఉంటది, దాన్నుంచే కదా రైస్ బ్రాన్ ఆయిల్ తీస్తరు. గాలిల లేచిన సన్నటి తవుడు వేడి అల్యూమినియం మీద పడ్డది, నూనె కారి అంటుకున్నది, బాయిలర్ ఆవిరి తడి దాన్ని ముద్ద చేసింది, ఆ ముద్ద మీద బూడిద వచ్చి కూసున్నది. ఇప్పుడు ఎంత బ్లోయర్ కొట్టినా పై బూడిద లేస్తది, కింది జిడ్డు లేవది, రెండు రోజుల్లో కొత్త దుమ్ము ఆ జిడ్డుకు మల్ల అంటుకుంటది. ముందు చేసినోళ్ల క్లీనింగ్ ఎందుకు నిలబడలేదో ఇక్కడ తెలిసిపోయింది. ఇండ్లల్ల వచ్చే పొడి దుమ్ముకు బ్లోయర్ సాలుతది, జిడ్డు దుమ్ముకు కరిగించే మందు కావాలె. కిరాణం దుకాణం, హోటల్ గల్లా, పిండి గిర్ని, ఇసొంటి చోట్ల ఉన్న మెషీన్లకు కూడా ఇదే లెక్క.

ఏది పని చేసింది

అల్యూమినియం ముద్దకు ఫ్యాన్ పూర్తిగ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి, పాత టూత్ బ్రష్‌తో రేకుల నడుమ రుద్దిన, నల్లటి రసం కారింది, మల్ల పోసి మల్ల రుద్దిన, తెల్లగ వచ్చేదాక. ముద్ద ఒక్కదాన్నే అయితే సబ్బు నీళ్లతో కూడా కడగొచ్చు, పూర్తిగ ఆరబెడితే చాలు, అది వట్టి లోహం. బోర్డ్ మీద మాత్రం నీళ్లు వద్దు, ఆల్కహాలే, అది కూడా తక్కువ. కిరోసిన్ వాడేటోళ్లను చూసిన, అది ఆరినంక జిడ్డు పొర మిగిలిస్తది, మనం తీసేదే జిడ్డు. థిన్నర్ ప్లాస్టిక్‌ను కరిగిస్తది. పెట్రోల్ సంగతి చెప్పే పనే లేదు. ఆల్కహాల్‌కు కూడా మంట అంటుకుంటది, కిటికీ తెరిచి, పక్కన సోల్డరింగ్ ఐరన్ లేకుండ చేయాలె, పూర్తిగ ఆరినంకనే కరెంటు.

ప్రాసెసర్ మీద పేస్ట్ సున్నం లెక్క ఎండి పొడి రాలుతున్నది. ప్రాసెసర్‌ను సాకెట్ నుంచి తీయలేదు. తీసి తుడిస్తే సులువే, కాని ఇంత దుమ్ము బోర్డ్ మీద ఒక్క ఊక పోగు ఆ సాకెట్ సన్నటి పిన్నుల మీద పడితే బోర్డే పోతది, లాభం ఏం లేదు. అట్లనే ఉంచి గుడ్డకు ఆల్కహాల్ అద్ది నడుమకు తుడిసిన, బయటికి తుడిస్తే చెత్త అంచులకు పోతది. కొత్త పేస్ట్ నడుమల బఠానీ గింజకన్నా కొంచెం తక్కువ. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లగ అయితది అనుకోవద్దు, రెండు లోహాల నడుమ ఖాళీ నింపెటందుకే అది, లావు పొర వేస్తే వేడికి అడ్డమే అయితది.

పిన్నుల్లో ఒకటి చీలి ఉన్నది, ఇదివరకు ఎవరో బలవంతంగ నొక్కిండ్రు. అంటే కూలర్ ఒక మూలకు ఎత్తుగ ఉండె. పిన్నుల సెట్ మార్చిన, మూలకు మూల ఎదురెదురుగ నొక్కిన, బోర్డ్ కింది దిక్కు తిప్పి నాలుగు పిన్నుల చివర్లు బయటికి వచ్చినయా అని కంటితో చూసిన. ఇది చూడకుండ మూత పెట్టద్దు, ఈ రకం కూలర్‌కు ఒక్క పిన్ను పట్టకపోయినా చేసిన పని మొత్తం దండగ. గరగరమనే ఫ్యాన్ కూడా మార్చిన.

ర్యామ్ కాళ్లు రబ్బరుతో రుద్ది తుడిసిన, టైము బ్యాటరీ సీఆర్2032 దిగిపోయి ఉన్నది, అది మార్చిన, కరెంటు పోయినప్పుడల్లా స్లిప్పుల మీద తారీకు తప్పు పడేది కూడా దానితో పోయింది.

ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పలేదు. కొత్తగ వేసిందే కాబట్టి లోపల దుమ్ము ఎక్కువ లేదు, జాలిల నుంచి ఫ్యాన్ కదలకుండ పుల్ల పెట్టి బ్లోయర్ కొట్టిన. మన 230 వోల్టుల కరెంటు లోపల డీసీ అయినంక పెద్ద కెపాసిటర్ల మీద 300 వోల్టుల పైన ఉంటది, తీగ పీకినంక కూడా కొంతసేపు నిలుస్తది. దుమ్ము కోసం ఆ డబ్బా తెరిచుడు కొత్తోళ్లు అస్సలు చేయద్దు. హార్డ్ డిస్క్ మీద చిన్న రంధ్రం ఉంటది, అది గాలి పీల్చే రంధ్రం, దాని దిక్కు బ్లోయర్ పెట్టద్దు, దాని మీద టేప్ వేయద్దు.

మల్ల కాంటా రూములనే పెట్టి కొలిచిన, షాపుల కాదు, షాపు చల్లగుంటది. రూము 40, ఏ పనీ లేకుండ 49, పని మీద ఎంతసేపు నడిపినా 72 దాటలేదు. తేడా 56 నుంచి 32కు దిగింది. ఫ్యాన్ సప్పుడు ఇనపడకుండ పోయింది, రిపోర్ట్ ఎంటనే వస్తున్నది. గుమస్తా "వైరస్ పోయింది తమ్మీ" అన్నడు, వైరస్ లేకుండె అన్నా, వేడికి మెల్లగైంది అని చెప్పిన.

అయినా మల్ల పెరిగింది

కోర్ టెంప్ చూసి రోజుకు ఒకసారి నోటు బుక్కుల రాయమని కాంటా పిలగానికి చెప్పి వచ్చిన, రూము వేడి కూడా పక్కన రాయమన్న. ఆ పిలగాడు మంచిగ రాసిండు. లేకుంటె మెషీన్ మల్ల ఆగేదాక మనకు ఎవరూ ఫోన్ చేయరు. కొన్ని వారాలకు తేడా 32 నుంచి 36, తర్వాత 39, మెల్లగ ఎక్కుతున్నది. ఇంత తొందరగ ఎక్కకూడదు. క్లీనింగ్ సక్కగనే ఉన్నది, దుమ్ము వచ్చే దారి తెరిచే ఉన్నది, అదే సంగతి.

గాలి ఎక్కడి నుంచి లోపలికి పోతున్నదో చూడాలె. మెషీన్ నడుస్తుంటె అగర్‌బత్తి వెలిగించి క్యాబినెట్ చుట్టు సందుల దగ్గర పట్టుకుని తిప్పిన, పొగ ఎటు పోతదో చూసిన. ముందల జాలి దగ్గర పొగ నిలబడ్డది, కదలలేదు. దసరాకు పెట్టిన పసుపు కుంకుమ ఆ జాలి రంధ్రాల్లనే పెట్టిండ్రు, తడి ఆరి గట్టిపడి ముందటి దారి సగం మూసుకపోయింది. ఎనక దిక్కు కార్డులు పెట్టే సందులకు రేకులు లేవు, అక్కడ పొగ సర్రున లోపలికి గుంజుతున్నది. ఎనక ఫ్యాన్, ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ రెండూ గాలి బయటికి తోస్తుంటె లోపల గాలి తక్కువై ఎక్కడ సందు ఉంటే అక్కడి నుంచి గుంజుకుంటది, మన మెషీన్‌ల ఆ సందు సరిగ్గ బాయిలర్ కిటికీ దిక్కు ఉన్నది.

ఇంకోటి ఏందంటే, గుమస్తా పెద్దమనిషి మెషీన్ మీద ప్రేమతోని నడుస్తున్నప్పుడు కూడా గుడ్డ కప్పుతున్నడు. "దుమ్ము పడుతదని కప్పుతున్న తమ్మీ, మీరే కదా దుమ్ముతోని పాడైంది అన్నరు." ఆయన అన్నదాంట్ల తప్పు లేదు, మనం సగమే చెప్పినం, వేడి పోయే దారి గురించి చెప్పలేదు. "బంద్ చేసినంక కప్పుండ్రి అన్నా, ఆన్ చేసే ముందు తీయిండ్రి, నడిచేటప్పుడు దానికి గాలి ఆడాలె" అన్న. అప్పటి నుంచి ఆయన అట్లనే చేస్తున్నడు.

ఫ్యాన్ ఇంకోటి ఎనక పెట్టొచ్చు, అది సులువు, కాని అప్పుడు లోపలికి గుంజుడు ఇంకా ఎక్కువైతది, దుమ్ము కూడా ఎక్కువ వస్తది. అందుకే ముందల 120 ఎంఎం ఫ్యాన్ లోపలికి గాలి తోసేటట్టు పెట్టిన, దాని ముందు ఏసీ ఫిల్టర్ జాలి ముక్క కోసి బిగించిన. ఎనక సందులకు రేకులు వేసిన, రేకు దొరకని చోట టేప్. ఇప్పుడు లోపలికి వచ్చే గాలి బయటికి పోయేదానికన్నా ఎక్కువ, సందుల దగ్గర పొగ బయటికి తోస్తున్నది, లోపలికి పోతలేదు, వచ్చే గాలి మొత్తం జాలిల నుంచే వస్తున్నది. జాలి మరీ సన్నగుంటే గాలే రాదు, మరీ పెద్దగుంటే తవుడు దాటుతది, రెండు మూడు రకాలు పెట్టి వేడి కొలిచి నడుమది ఉంచిన. కుంకుమ బొట్టు పై మూత మీదికి మార్చుకుందాం అంటే ఎవరూ ఏం అనలేదు.

క్యాబినెట్‌ను బాయిలర్ కిటికీ దగ్గర నుంచి తీసి కాంటా దిక్కు గోడకు, స్టూలు మీద పెట్టినం. ఊడ్చేటప్పుడు లేసే దుమ్ము నేలకు దగ్గరనే ఎక్కువ ఉంటది, మూరెడు ఎత్తు పెట్టినా మస్తు తేడా. సీరియల్ కేబుల్ పొడుగు సాలదని గుమస్తా భయపడ్డడు, ఆ రకం కేబుల్ 15 మీటర్ల దాక మామూలుగ నడుస్తది, రూము దాటేది లేదు, పొడుగుది వేసినం, తూకం సక్కగ వస్తున్నది. లోపలి కిటికీకి రబ్బరు పట్టీ వేసి మూసిండ్రు.

కొత్తోళ్లకు రెండు మాటలు

ఈ కేసుల నాకు బాగ పనికొచ్చింది తేడా లెక్క, రూము వేడి తీసేసి మిగిలింది చూసుడు. దీనికి ఖర్చు లేదు, కస్టమర్‌కు అంకెలతో చూపించొచ్చు, ఎండాకాలం వానాకాలం రెండిట్లో ఒక్క తీరుగ పని చేస్తది. బ్లోయర్ కొట్టినంక బోర్డ్ మెరుస్తున్నది అని సంతోషపడేకన్నా, ముందు తేడా ఎంత, తర్వాత తేడా ఎంత అని బిల్లు మీద రాసియ్యాలె. రెండోది, మూత తీయంగనే గాలి కొట్టకుండ ఒక్క నిమిషం ఆ దుమ్మును వేళ్ల నడుమ నలిపి చూడాలె, పొడిదా, జిడ్డుదా, గరుకుదా. దాన్ని బట్టే పనిముట్టు. మూడోది రేటు సంగతి. ఇట్ల పూర్తిగ చేసే పనికి గాలి కొట్టే రేటు తీసుకుంటే మనకు గిట్టది, కాబట్టి ముందుగాలనే కస్టమర్‌కు ఇవి రెండు వేరే పనులు అని చెప్పాలె, చెప్తే చాలామంది ఒప్పుకుంటరు, ఈ సేటు ఒప్పుకున్నడు.

ఇప్పటి పరిస్థితి: తేడా 31, 32 దగ్గరే ఉన్నది, ఎక్కుతలేదు. జాలి వారానికి ఒకసారి కాంటా పిలగాడు తీసి కడిగి ఆరబెట్టి పెడుతున్నడు, ఇంకో జాలి ముక్క స్పేర్‌గ ఇచ్చిన, తడిది పెట్టకుండ. నోటు బుక్ నడుస్తనే ఉన్నది, తేడా 40 దాటితే ఆగేదాక చూడకుండ ఫోన్ చేయమని మొదటి పేజీల రాసిపెట్టిన. యాసంగి వడ్లు అయిపోయి లారీలు తగ్గినంక, వానాకాలం పంట రాకముందు ఒకసారి కూలర్ తీసి చూస్తం, అదే టైముల కామ్ పోర్ట్ ఉన్న కొత్త బోర్డ్ మీద కాంటా సాఫ్ట్‌వేర్ నడుస్తదా అని కూడా పరీక్ష పెడుదాం అని సేటుతో మాట్లాడిన.